మామిడి చెట్టు మొదలు దగ్గర డ్రిప్పు పెడితే సరిపోతుందా?

ప్రశ్న: మాది విశాఖ దగ్గర ఆనందపురం. ఎర్రనేలలో ఎకరన్నర సువర్ణరేఖ మామిడి, చెట్లకు పన్నెండేళ్లు. వేసవిలో బోరు గంటకే ఆగిపోతోంది. డ్రిప్పు వేశాం, అయినా పిందె రాలిపోతోంది. టెన్షన్‌గా ఉంది సార్.
- ఒక రైతు

జవాబు: ముందు డ్రిప్పర్లు ఎక్కడున్నాయో చూడండి. చాలా తోటల్లో చెట్టు నాటినప్పుడు మొదలు దగ్గర పెట్టినవి అలాగే ఉండిపోతాయి. కానీ పన్నెండేళ్ల చెట్టుకు నీళ్లు తాగే సన్న వేళ్లు కొమ్మల నీడ అంచు దాకా పాకి ఉంటాయి, మొదలు దగ్గర ఎంత పోసినా వాటికి అందేది తక్కువే. పైపును ఆ అంచు వైపు చుట్టూ తిప్పి, గంటకు 8 లీటర్లిచ్చే డ్రిప్పర్లు నాలుగు పెడితే మూడు గంటల్లో 96 లీటర్లు అందుతాయి. బోరు గంటే నడుస్తుంది కాబట్టి ఆ మూడు గంటలూ ఒకేసారి కుదరవు, తోటను భాగాలు చేసి వంతులవారీగా, తెల్లవారుజామున పెట్టుకోండి.

ఆ తడి మీద ఎండు వరిగడ్డి, రాలిన ఆకులు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది నాలుగు అంగుళాల మందాన పరవండి. మొదలుకు మాత్రం జానెడు ఖాళీ వదలాలి, ఆనిస్తే బెరడు కుళ్లుతుంది. ఎర్రనేలల్లో చెదల బెడద ఎక్కువ కనుక వారానికోసారి గడ్డి ఎత్తి చూడండి. మధ్యాహ్నం వేళ గడ్డి కింద చెయ్యి పెడితే మట్టి చల్లగా, చేతి వేళ్లకు అంటుకునేలా ఉండాలి.

పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్లు ఆపండి, లేకపోతే పూత బదులు చిగురు వస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. డ్రిప్పు ఫిల్టర్ కడుగుతున్నారా?