డానాంగ్‌లో ఫ్లాట్ కోసం ఇక్కడి ఇంటి మీద అప్పా?

ప్రశ్న: సార్, నా వయసు 41. కూకట్‌పల్లిలో ఉంటాం. ఫార్మా కంపెనీలో ఉద్యోగం, నెలకు 1.35 లక్షలు చేతికి వస్తుంది. నా భార్య స్కూల్ టీచర్, ఆమెకు 28 వేలు. ఇద్దరు పిల్లలు. హోమ్ లోన్ ఇంకా 30 లక్షలుంది, ఈఎంఐ 34 వేలు. 10 లక్షల చీటీ ఒకటి ఉంది, నెలకు 20 వేలు కడుతున్నాం. ఇంటి ఖర్చు, ఫీజులు కలిపి 80 వేలు. కంపెనీ మెడికల్ కవర్ 5 లక్షలుంది, టర్మ్ పాలసీ తీసుకోలేదు. తెనాలిలో నాన్నగారికి 70 ఏళ్ళు, షుగర్, బీపీ ఉన్నాయి. ఆయన కంపెనీ కవర్‌లో లేరు.

మొన్న సెలవుల్లో వియత్నాం వెళ్ళొచ్చాం. డానాంగ్ బాగా నచ్చింది. తర్వాత హైటెక్ సిటీలో ఒక హోటల్లో మీటింగ్ పెట్టి అక్కడ బీచ్ దగ్గర స్టూడియో ఫ్లాట్ 72 లక్షలని చూపించారు. ఒకేసారి కట్టేవాళ్ళకే ఆ రేటు. ఐదేళ్ళ పాటు ఏడాదికి 8 శాతం అద్దె గ్యారంటీ, తర్వాత వద్దనుకుంటే వాళ్ళే తిరిగి కొంటారట. ఉన్న హోమ్ లోన్ మీదే ఇంకా తీసుకునే టాప్‌అప్ లోన్ 25 లక్షలు, పర్సనల్ లోన్ 15, గోల్డ్ లోన్ 8, చీటీ పాడితే 10, పీఎఫ్ 5, ఖాళీగా పడి ఉన్న ఎఫ్‌డీ 9, సరిగ్గా సరిపోతుంది. టోకెన్ 2 లక్షలు క్రెడిట్ కార్డు మీద కట్టాను, చివర్లో సర్దుతారట. అద్దెతో ఈఎంఐలు వెళ్ళిపోతాయి కదా, ముందుకు వెళ్ళమంటారా?

జవాబు: వద్దండీ.

ఇలాంటి ప్రశ్నలు ఈ మధ్య తరచుగా వస్తున్నాయి. ఒకరు దుబాయ్ అంటారు, ఒకరు బాలి, ఇంకొకరు జార్జియాలో బటూమి అంటారు, ఊరు మారుతుంది గానీ లెక్క మాత్రం మారదు. ఇంకా రాని అద్దెను జీతంలా రాసుకుంటారు, చేతిలో ఉన్న ఎఫ్‌డీని మాత్రం పనికిరాని డబ్బులా చూస్తారు. అందుకే మీ పేరు తీసేసి అందరికీ కనపడేలా రాస్తున్నాను.

ముందు ఆ ‘ఖాళీగా పడి ఉన్న’ ఎఫ్‌డీ సంగతి. మీ ఇంటి ఖర్చు 80 వేలు, ఈఎంఐ 34 వేలు, చీటీ 20 వేలు, మొత్తం నెలకు 1.34 లక్షలు. ఆరు నెలలకు 8 లక్షల చిల్లర. అంటే మీ దగ్గరున్న 9 లక్షలు మీకు తెలియకుండానే మీరు కూడబెట్టుకున్న అత్యవసర నిధి. అది ఖాళీగా ఏమీ లేదు, రేపు మీ కంపెనీ ఒక ప్లాంట్ మూసేసి మనుషుల్ని తగ్గించినా, నాన్నగారిని రాత్రికి రాత్రి గుంటూరులో ఐసీయూలో చేర్చాల్సి వచ్చినా ఎవరి దగ్గరా చేయి చాచకుండా నిలబెట్టేది అదే. ఆ రెండో మాట మిమ్మల్ని బెదిరించడానికి అనడం లేదు. 70 ఏళ్ళ మనిషి, షుగర్, బీపీ, ఒక్క రూపాయి హెల్త్ ఇన్సూరెన్స్ లేదు, ఆ బిల్లు కట్టాల్సింది మీరే కదా.

అసలు మన ఇళ్ళలో కష్టం వస్తే డబ్బు కోసం వెళ్ళే దారులు ఎన్నో ఉండవు. ఎఫ్‌డీ విడిపించుకోవాలి, బంగారం కుదువ పెట్టాలి, పీఎఫ్ తీయాలి, చీటీ పాడాలి, అదీ కాకపోతే ఇంటి మీద ఇంకాస్త అప్పు తేవాలి. మీ జాబితా మళ్ళీ ఒకసారి చదువుకోండి. ఆ ఐదూ ఒకే రోజు, ఒకే ఫ్లాట్‌లో, అదీ సముద్రం అవతల ఉన్నదాంట్లో పెట్టేస్తున్నారు! ఆ మర్నాడు పిల్లాడు సైకిల్ మీద నుంచి పడి చేయి విరిగినా కార్డు గీకడం తప్ప మీకు ఇంకో దారి ఉండదు, ఆ కార్డు మీద కూడా ఇప్పటికే 2 లక్షలు గీకారు.

పైగా అప్పులు తీసుకున్నాక కావాల్సిన నిధి కూడా పెరుగుతుంది, ఈ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టాప్‌అప్ 25 లక్షలకు 9 శాతం చొప్పున 15 ఏళ్ళకు ఈఎంఐ 25 వేల పైచిలుకు, పర్సనల్ లోన్ 15 లక్షలకు 12.5 శాతం చొప్పున ఐదేళ్ళకు దాదాపు 34 వేలు, గోల్డ్ లోన్‌కు 10 శాతం అనుకున్నా వడ్డీ ఒక్కటే నెలకు 6,700, అసలు వేరే. మొత్తం 66 వేలు. పాతవాటితో కలిపితే ప్రతి నెలా మీ ఇంట్లోంచి 2 లక్షలు పోవాలి. అప్పుడు ఆరు నెలల నిధి అంటే 12 లక్షలు కావాలి, మీ దగ్గర సున్నా ఉంటుంది.

అద్దెతో ఈఎంఐలు వెళ్ళిపోతాయా అని అడిగారు. వెళ్ళవు. 72 లక్షల మీద 8 శాతమంటే ఏడాదికి 5.76 లక్షలు, నెలకు 48 వేలు, అదీ పన్నులు కట్టకముందు. ఒక్క నెల కూడా తప్పకుండా పూర్తిగా వచ్చినా ఇంకో 18 వేలు మీ జేబులోంచే పోతాయి. ఇప్పుడు మీకు నెలాఖరుకు మిగిలేది 29 వేలు, అది 11 వేలకు పడిపోతుంది. అద్దె ఆగిందా, నెలకు 37 వేలు లోటు. అన్నీ బాగున్నప్పుడే నెల బొటాబొటిగా గడిచే బేరం ఇది. చీటీ విషయంలో కూడా, ఇప్పుడే పాడితే చేతికి వచ్చేది 10 లక్షలు కాదని మీకు తెలియదనుకోను, పోటీగా పాడేవాళ్ళుంటే ఏడో ఎనిమిదో రావచ్చు. అంటే మీ ‘సరిగ్గా సరిపోయే’ లెక్క మొదటి రోజే తప్పుతుంది.

అద్దె ఎందుకు ఆగుతుంది, గ్యారంటీ ఉంది కదా అంటారా? అదే డానాంగ్‌లో కోకోబే అని ఒక పెద్ద ప్రాజెక్టు ఉంది. ఏడాదికి 12 శాతం చొప్పున ఎనిమిదేళ్ళు గ్యారంటీ అని చెప్పి హోటల్ ఫ్లాట్లు అమ్మారు. 2019 నవంబర్‌లో ఆ డెవలపరే కొన్నవాళ్ళకు కబురు పెట్టాడు, వచ్చే జనవరి నుంచి ఈ డబ్బు ఇవ్వలేమని. అప్పటికి కోవిడ్ రానే లేదు, టూరిస్టులు కిటకిటలాడుతున్న రోజులవి. గ్యారంటీ అనేది ఇచ్చేవాడి దగ్గర డబ్బున్నంత కాలమే. చాలాసార్లు మొదటి రెండు మూడేళ్ళ అద్దె ఫ్లాట్ రేటులోనే కలిపి పెడతారు, మీ డబ్బే నెల నెలా మీకు తిరిగి వస్తుంటుంది, మీరేమో అద్దె అనుకుంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్, బైబ్యాక్ అని ఎంతమంది మునిగారో చూస్తూనే ఉన్నాం, అదే మాట విదేశీ బ్రోచర్‌లో కనపడగానే మనకు ఎందుకు నమ్మకం వస్తుందో నాకు అర్థం కాదు.

కోవిడ్ మాటకొస్తే, 2020 జులైలో డానాంగ్‌లో కేసులు బయటపడగానే దాదాపు 80 వేల మంది టూరిస్టులను ఊరు దాటించేశారు. వియత్నాం విదేశీ టూరిస్టులకు పూర్తిగా తలుపులు తెరిచింది 2022 మార్చి 15న. మీ పర్సనల్ లోన్ ఈఎంఐ అన్నాళ్ళు ఆగేదా? అంత పెద్ద కష్టం మళ్ళీ రాదనుకున్నా, అక్కడ అక్టోబర్, నవంబర్ నెలలంటే కుండపోత వానలు, తుఫాన్లు. మీరు చూసిన ఎండ, ‘మీ ఖే’ అనే బీచ్, గోల్డెన్ బ్రిడ్జి ఫొటోలు సీజన్‌వి. భారతీయ టూరిస్టులు పెరుగుతున్నారన్నది నిజమే, 2024లో వియత్నాంకు మనవాళ్ళు 5 లక్షల మంది వరకు వెళ్ళారు. అయితే వాళ్ళు మీ ఫ్లాట్‌లోనే దిగాలని లేదు కదా, ఆ బీచ్ పొడుగునా హోటళ్ళే ఉన్నాయి.

ఇంకో చిక్కు. వియత్నాంలో విదేశీయులకు ఇల్లు కొనుక్కునే హక్కు 50 ఏళ్ళకే, దాన్ని పొడిగించమని అడగొచ్చు. ఒక అపార్ట్‌మెంట్ భవనంలో 30 శాతం ఫ్లాట్లకు మించి విదేశీయులకు అమ్మకూడదు. పైగా ఈ హక్కు నివాస గృహాలకు. మీకు అమ్ముతున్నది హోటల్ ఫ్లాట్ అయితే, అంటే వాళ్ళు కాండోటెల్ అనే రకమైతే, మీ పేర యాజమాన్య పత్రం వస్తుందా లేక ఉత్త లీజు కాగితమేనా అన్నది తేల్చుకోవాలి. మామూలు నివాస ఫ్లాట్ అయితే రోజువారీ అద్దెకు ఇవ్వడమే తంటా. నివాస ఫ్లాట్లను వేరే పనికి వాడకూడదని అక్కడి గృహ చట్టం చెబుతుంది, దాన్ని పట్టుకుని హో చి మిన్ సిటీ 2025లో అపార్ట్‌మెంట్లలో రోజువారీ అద్దెలను ఆపేసింది. ఈ రెండింటిలో మీది ఏదో మీ ప్రశ్నలో లేదు. 72 లక్షలు పెట్టే మనిషికి అది ముందే తెలిసి ఉండాలి. అక్కడి 10 శాతం వ్యాట్, 2 శాతం మెయింటెనెన్స్ ఫండ్ ఆ ధరలో ఉన్నాయా అన్నది కూడా రాయలేదు.

ఇక డబ్బు పంపడం. విదేశంలో ఆస్తి కొనడానికి ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ కింద, అంటే విదేశాలకు డబ్బు పంపే పథకం కింద, మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు (మన ప్లాట్ల ఎల్‌ఆర్‌ఎస్ కాదు లెండి). ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. మీరొక్కరే 72 లక్షలు పంపితే 12.4 లక్షలు అదనంగా కట్టాలి. రిటర్న్ వేశాక సర్దుబాటో రిఫండో వస్తుంది నిజమే, అప్పటిదాకా ఆ 12.4 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? మీటింగ్‌లో ఈ మాట చెప్పారా?

దీనికంటే ముఖ్యమైనది, ఇలా ఆస్తి కొనడానికి విదేశానికి డబ్బు పంపేందుకు బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. మరి టాప్‌అప్, పర్సనల్ లోన్ ఎలా తీసుకుంటారు? ‘ఇంటి రిపేర్లు అని రాయండి సార్, అందరూ అదే చేస్తారు’ అని మీకు ఎవరో చెప్పి ఉంటారు, లేదంటే రేపు చెబుతారు. బ్యాంకుకు అబద్ధం రాసిచ్చి, మీరుంటున్న ఇంటినే తాకట్టు పెట్టి, ఆ డబ్బు దేశం దాటించడం! నోటీసు వస్తే సంతకం మీది, ఏజెంట్ ఫోన్ కూడా ఎత్తడు. ఇంత అప్పు తీసుకుని ఎవరూ చూడని ఫ్లాట్ కొనాల్సినంత తొందర మీకు ఏమొచ్చిందండీ?

ఏదో ఒకరోజు సొంత డబ్బుతో కొన్నా సరే, ప్రతి ఏడాదీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి, మర్చిపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. చిన్న మొత్తాలకు ఇచ్చిన మినహాయింపు స్థిరాస్తికి వర్తించదు. అక్కడి అద్దె మీద ఇక్కడ కూడా పన్ను లెక్క ఉంటుంది, అక్కడ కట్టింది తగ్గించుకోవచ్చు గానీ ఆ కాగితాల పని తెలిసిన ఆడిటర్ కావాలి.

మీరు నిజంగా చేయాల్సిన పనులకు వియత్నాం వెళ్ళక్కర్లేదు. మీకు టర్మ్ పాలసీ లేదు, నెత్తిన 30 లక్షల అప్పుంది. రేపు మీకేమన్నా అయితే మీ భార్య 28 వేల జీతంలోంచి 34 వేల ఈఎంఐ కట్టాలి. ఈ ఒక్క వాక్యం ఆమెకు చదివి వినిపించండి, తర్వాత డానాంగ్ గురించి మాట్లాడుకుందాం. కనీసం 2 కోట్లకు టర్మ్ కవర్ తీసుకోండి, వైద్య పరీక్షల్లో ఏదీ దాచకుండా. ఉద్యోగం పోతే కంపెనీ కవర్ కూడా పోతుంది కాబట్టి మీ నలుగురికీ కలిపి సొంతంగా ఒకే 10 లక్షల హెల్త్ పాలసీ (ఫ్యామిలీ ఫ్లోటర్), నాన్నగారికి ఖరీదైనా, పాత జబ్బులకు కొన్నాళ్ళు ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ ఉన్నా, బిల్లులో కొంత మీరే కట్టాల్సిన కో-పే ఉన్నా సీనియర్ సిటిజన్ పాలసీ విడిగా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆ వంక కూడా పోయింది. ఎఫ్‌డీని రెండు మూడు ముక్కలు చేసి పెట్టుకోండి, ఒకటి అవసరమైతే మిగతావి కదలకుండా ఉంటాయి. చీటీ చివరి దాకా కట్టి తీసుకుంటే అది హోమ్ లోన్ తగ్గించడానికి పనికొస్తుంది.

అద్దె ఆదాయం మీదే మనసుంటే ఇక్కడి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో రీట్‌లు ఉన్నాయి, అంటే అద్దెలొచ్చే పెద్ద భవనాల్లో చిన్న వాటాలు, నెలకు 5 వేలతో మొదలుపెట్టొచ్చు. మిగతాది నెల నెలా ఇండెక్స్ ఫండ్‌లో, అంటే మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్‌లో, సిప్.

టోకెన్ 2 లక్షల సంగతి. విదేశీ ఆస్తికి కార్డు గీకడం సరైన దారి కాదు, కట్టాల్సింది బ్యాంకు ద్వారా, ప్రయోజనం రాసిచ్చి. ఈరోజే ఈ-మెయిల్‌లో క్యాన్సిల్ అని రాసి రిఫండ్ అడగండి, ఫోన్లో చెప్పి ఊరుకోకండి. బుకింగ్ ఫారంలో క్యాన్సిలేషన్ షరతు ఏముందో చదవండి, కార్డు బ్యాంకులో ఆ చెల్లింపు మీద అభ్యంతరం (డిస్ప్యూట్) వేయడానికి గడువుంటుంది, అది దాటనివ్వకండి. వాళ్ళు ఇచ్చేదాకా మినిమమ్ డ్యూ కట్టుకుంటూ కూర్చోవద్దు, కార్డు వడ్డీ నెలకు 3 శాతం పైనే ఉంటుంది. నెలకు మిగిలే 29 వేలు మొదట ఆ బిల్లుకే పోనివ్వండి, రిఫండ్ వచ్చినా రాకపోయినా.