జ్వాలాపురం పరిశోధనను జనం ఎందుకు నమ్మడం లేదు: సమాధానం

జ్వాలాపురం గ్రామం దగ్గర దొరికిన ప్రాచీన అగ్నిపర్వత బూడిద, రాతి పనిముట్ల మీద జరిగిన పరిశోధన గురించి ఉపన్యాసం ఇస్తే జనం ఎందుకు నమ్మడం లేదని మీరు అడిగారు. పాత కర్నూలు జిల్లా బనగానపల్లెలో మీ ఉపన్యాసం విన్నవారు "శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేనప్పుడు మేమెందుకు నమ్మాలి" అని అడగడానికి కారణం, తేలిన విషయాన్నీ ఇంకా చర్చలో ఉన్న విషయాన్నీ మీరు ఒకే స్వరంతో చెప్పి ఉండటమే.

1. ముందు తేలిన సంగతి చెప్పండి. జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలోని ఆ బూడిద సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడింది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది. ఆ పనిముట్లు ఆధునిక మానవులవి, అంటే మన మానవజాతివి, కావచ్చని 2007లో వెలువడిన పరిశోధన సూచించింది. అయితే బూడిదను ఆనుకున్న పొరల్లో మనిషి ఎముకలు దొరకలేదు కనుక, పనిముట్ల రూపాన్ని బట్టి మాత్రమే అంత మాట అనలేమని, ఆధునిక మానవులు ఆ బూడిద పడిన తర్వాతే ఇక్కడికి చేరారని వాదించేవారూ ఉన్నారు. ఈ భేదాన్ని దాచవద్దు. ఎవరు ఏ ఆధారంతో ఏమంటున్నారో చెప్పి, ఏది దొరికితే వాదం తేలుతుందో కూడా తప్పక చెప్పండి. నా అభిప్రాయంలో ఈ చివరి మాటే అత్యంత ముఖ్యం, ఎందుకంటే అది విన్నవారికి భేదాభిప్రాయం బలహీనతగా కాక, జరుగుతున్న పనిగా కనిపిస్తుంది.

3. బూడిద తవ్వకాల్లో పనిచేసినవారిని ముందుగా మాట్లాడనివ్వండి. ఆ పొర ఎక్కడ ఎంత లోతులో ఉందో వారు కళ్లారా చూశారు. స్లైడ్లు ఆ తర్వాత చూపవచ్చు.