గొట్టం ద్వారా ఆహారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మింగడం కష్టం కావడంతో ఆసుపత్రిలో ముక్కు గుండా గొట్టం వేశారు. అంతకుముందే కొన్ని నెలలుగా తిండి తగ్గిపోయి, 55 కిలోల మనిషి 40 కిలోలకు వచ్చారు. ఈ 12 రోజుల్లో దాదాపు ఏమీ తినలేదు. అయినా మొదటి రోజు 400 మిల్లీలీటర్ల ఫీడ్ మాత్రమే ఇచ్చారు. అడిగితే నెమ్మదిగా పెంచుతామంటున్నారు. ఇంత చిక్కిపోయిన మనిషికి కడుపు నిండా పెట్టకపోవడం న్యాయమేనా?

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. కళ్లెదుట తండ్రి అస్థిపంజరంలా మారిపోతే, గొట్టం పడిన రోజునైనా కడుపు నిండుతుందని ఏ బిడ్డయినా ఆశపడతారు. కానీ మీ నాన్నగారి విషయంలో ఆ వైద్యులు చేస్తున్నది పిసినారితనం కాదు, జాగ్రత్త.

చాలా రోజులు తిండి లేనప్పుడు శరీరం తన కొవ్వునూ కండరాలనూ కరిగించుకుంటూ బతుకుతుంది. ఆ క్రమంలో ఒంట్లోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు, వాటితోపాటు థయామిన్ అనే బి1 విటమిన్ కూడా, తరిగిపోతూ ఉంటాయి. రక్తపరీక్షలో మాత్రం ఆ లవణాలు మామూలుగానే కనిపించవచ్చు, అందుకే ఈ లోటు బయటికి తెలియదు. ఒక్కసారిగా పిండిపదార్థాలున్న ఆహారం ఎక్కువగా పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన ఆ లవణాలు కూడా కణాల్లోకి వెళ్లిపోతాయి. దానితో గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసే కండరాలు నీరసించవచ్చు, కాళ్లకు నీరు రావచ్చు, మతి స్తిమితం తప్పవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, యుద్ధ శిబిరాల నుంచి విడుదలైన ఖైదీల్లో కొందరు తిండి దొరికిన తరువాత ప్రాణాలు కోల్పోవడం చూసే వైద్యలోకం ఈ ప్రమాదాన్ని గట్టిగా గుర్తించింది.

మామూలుగా రోగికి రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 కిలోక్యాలరీలు ఇస్తారు. ఇలాంటి ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి మాత్రం కిలోకు 10 కిలోక్యాలరీలకు మించకుండా మొదలుపెట్టి, నాలుగు నుంచి ఏడు రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకెళ్లాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. గొట్టం ద్వారా ఇచ్చే సాధారణ ఫార్ములా ఫీడ్‌లో మిల్లీలీటరుకు సుమారు ఒక కిలోక్యాలరీ ఉంటుంది కాబట్టి, 40 కిలోల మనిషికి 400 మిల్లీలీటర్లన్నది సరిగ్గా ఆ లెక్కే.

మోతాదు పెంచమని అడగడం మాని, మరో మూడు విషయాలు అడగండి. ఫీడ్ మొదలుపెట్టే ముందే థయామిన్ ఇచ్చారా, ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు మొదటి రోజుల్లో రోజూ చేస్తున్నారా, తగ్గినవాటిని భర్తీ చేస్తున్నారా అని తెలుసుకోండి. పాదాలు ఉబ్బినా, ఆయాసం వచ్చినా, మాట తడబడి అయోమయంగా ఉన్నా వెంటనే నర్సుకు చెప్పండి. పక్షవాతం తరువాత చాలామందికి మింగే శక్తి కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది కాబట్టి, మింగుడు పరీక్ష మళ్లీ ఎప్పుడు చేస్తారో కూడా అడగండి. నాలుగు నుంచి ఆరు వారాలు దాటినా గొట్టం అవసరమైతే, ఎండోస్కోపీ సాయంతో పొట్ట మీదుగా నేరుగా జీర్ణకోశంలోకి పెట్టే పెగ్ గొట్టం గురించి ఆలోచిస్తారు. 1980 నుంచి ఇది వైద్యంలో వాడుకలో ఉంది.

ప్రశ్న: మా అత్తగారిని ముక్కు గొట్టంతోనే ఇంటికి పంపారు. రోజుకు ఆరుసార్లు సిరంజితో నేనే ఫీడ్ ఇస్తున్నాను. గొట్టం సరైన చోటే ఉందో లేదో అని ప్రతిసారీ భయమేస్తోంది. సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద చెవి ఆనించి శబ్దం వింటే చాలునని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: చాలదు. గొట్టం కొస ఊపిరితిత్తుల్లోనో అన్నవాహికలోనో ఉన్నా ఆ శబ్దం వినిపించవచ్చు, అందుకే ఆ పద్ధతిని నమ్మవద్దని నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. గొట్టం వేసిన వెంటనే ఎక్స్-రేతో గానీ, గొట్టంలోంచి తీసిన ద్రవం ఆమ్లత చూసి గానీ నిర్ధారించాలి. ఆమ్లతను తెలిపే అంకె అయిన పీహెచ్ 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే కొస పొట్టలో ఉన్నట్లు లెక్క. ఆమ్లం తగ్గించే మందులు వాడేవారిలో ఈ అంకె పెరగవచ్చు, కాబట్టి అలాంటి మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ఇంట్లో మీకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడేది గొట్టం మీద ఉన్న సెంటీమీటర్ల గుర్తు. ముక్కు అంచున ఏ అంకె ఉందో డిశ్చార్జ్ రోజునే రాసిపెట్టుకుని, ప్రతి ఫీడ్‌కు ముందు అదే అంకె ఉందో లేదో చూడండి. అంకె జరిగినా, ప్లాస్టరు ఊడినా, గట్టిగా దగ్గిన తరువాత గానీ వాంతి తరువాత గానీ అనుమానం కలిగినా ఫీడ్ ఇవ్వకండి, నీరు కూడా పోయకండి. బయటికి వచ్చిన గొట్టాన్ని మీరే లోపలికి తోయవద్దు. ఫీడ్ పోస్తుండగా దగ్గు పట్టినా, ఊపిరి కష్టమైనా, పెదవులు నీలంగా మారినా అక్కడే ఆపి వైద్యసహాయం కోసం పిలవండి.

ఫీడ్ ఇచ్చేటప్పుడు తలా భుజాలూ 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి, అయ్యాక కూడా అరగంట నుంచి గంట వరకు అలాగే ఉంచాలి. సిరంజిని పిస్టన్‌తో బలంగా నెట్టకుండా, పిస్టన్ తీసి సిరంజిని పైకి పట్టుకుని, ఫీడ్ తన బరువుతో తానే దిగేలా చూడండి. ఇందుకు పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ సమయం వృథా కాదు. ప్రతి ఫీడ్‌కూ మందుకూ ముందూ వెనుకా సుమారు 30 మిల్లీలీటర్ల నీరు పోస్తే గొట్టం పూడుకోదు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీటి మీద పరిమితి ఉంటే మాత్రం ఎంత పోయాలో వైద్యుడినే అడగండి.

చాలామంది ఇళ్లలో పొరపాటు జరిగేది మాత్రల దగ్గర. ఒక్కో మాత్రను విడిగా మెత్తగా పొడి చేసి, నీటిలో కలిపి, ఒకదాని తరువాత ఒకటిగా ఇవ్వాలి, వాటిని ఫీడ్‌లో కలపకూడదు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలనూ, పేగుల్లో మాత్రమే కరిగేలా పూత పూసినవాటినీ అసలు పొడి చేయకూడదు. పొడి చేస్తే మందు మొత్తం ఒకేసారి పని చేయడమో, అసలు పని చేయకపోవడమో జరుగుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందు ఫీడ్‌తో కలిస్తే సరిగా ఒంటబట్టదు కాబట్టి, వాటి మధ్య ఎంత విరామం ఉండాలో తెలుసుకోండి.

పొడితో కలిపిన ఫీడ్ గది ఉష్ణోగ్రతలో నాలుగు గంటలకు మించి ఉంటే పారబోయండి. నోటితో తినకపోయినా ఆమె పళ్లూ నాలుకా రోజుకు కనీసం రెండుసార్లు శుభ్రం చేయండి. నోట్లో పేరుకున్న క్రిములు లాలాజలంతోపాటు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

ప్రశ్న: గొట్టం ఫీడ్ మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి మా అన్నయ్యకు నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. ఫీడ్ పడడం లేదని ఆపేశాం. మంచిదేనా?

జవాబు: మీరే నిర్ణయించి ఆపకండి. తప్పు చాలాసార్లు ఫీడ్‌ది కాదు, మందులది. యాంటీబయాటిక్స్, మెగ్నీషియం ఉన్న యాసిడిటీ మందులు, తీపి కోసం సార్బిటాల్ కలిపిన సిరప్‌లు ఇందుకు తరచుగా కారణమవుతాయి. పేగుల్లో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు, ఫీడ్ కలిపేటప్పుడు శుభ్రత లోపించి ఉండవచ్చు. మందుల జాబితా మొత్తం వైద్యుడికి చూపించి, ఈ రోజే ఫీడ్ విషయం తేల్చుకోండి.

ప్రశ్న: మా అమ్మకు మతిమరుపు వ్యాధి చివరి దశకు చేరింది. నోట్లో పెట్టిన ముద్ద మింగడం లేదు. పెగ్ గొట్టం వేయించాలని తమ్ముడు, వద్దని నేను. ఏది సరైనది?

జవాబు: మీలో ఎవరూ ప్రేమ తక్కువై మాట్లాడడం లేదు, ముందు ఆ మాట చెప్పాలి. డిమెన్షియా బాగా ముదిరినప్పుడు మింగడం మరచిపోవడం కూడా వ్యాధిలో భాగమే. ఆ దశలో గొట్టం వేయడం వల్ల ఆయుష్షు పెరుగుతుందని గానీ, న్యుమోనియా తగ్గుతుందని గానీ ఇంతవరకు రుజువు కాలేదు. పైగా గొట్టాన్ని లాగేస్తారని చేతులు కట్టేసే పరిస్థితి వస్తుంది. వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ ఈ దశలో గొట్టాన్ని సిఫారసు చేయడం లేదు, శ్రద్ధగా చేత్తో తినిపించడాన్నే సూచిస్తోంది. నా అభిప్రాయం కూడా అదే.

అయితే మింగకపోవడం ఈ వారంలోనే హఠాత్తుగా మొదలైతే మాట వేరు. నోటి పుండో, ఇన్ఫెక్షనో, మత్తు కలిగించే కొత్త మందో కారణమైతే దానికి వైద్యం ఉంది. అందుకే ముందుగా ఆమె నోరు తెరిపించి, నాలుక కిందా చిగుళ్ల దగ్గరా చూడమని వైద్యుడిని అడగండి. ఏమీ లేదని తేలితే, ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, చిన్న చెంచాతో ఒక్కొక్క ముద్దే పెట్టండి. గొంతు కదిలి మింగినట్లు కనిపించాకే రెండో ముద్ద. ముఖం తిప్పుకుంటే అక్కడితో ఆపండి. ఆమె మాట్లాడగలిగిన రోజుల్లో ఇలాంటి వైద్యం గురించి ఏమైనా అన్నారేమో మీరూ మీ తమ్ముడూ గుర్తు చేసుకుని, ఇద్దరూ కలిసే వైద్యుడి ముందు కూర్చోండి.