ఏం మాట్లాడినా 'మాత్ర వేసుకున్నావా?' అంటుంది అమ్మ

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. బైపోలార్ డిజార్డర్‌కి (మనసు కొన్నాళ్లు విపరీతమైన ఉద్రేకానికీ, కొన్నాళ్లు దిగులుకీ లోనయ్యే జబ్బు) మూడేళ్లుగా లిథియం మాత్రలు వాడుతున్నాను. రెండు వారాలుగా చిన్న మాటకే ఒళ్లు మండిపోతోంది. గొంతు కాస్త పెరిగితే చాలు, అమ్మ 'మాత్ర వేసుకున్నావా?' అంటుంది. మొన్న చేతిలోని కంచం గోడకేసి కొట్టాను. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. అసలు మాత్రలే మానేద్దామనిపిస్తోంది.

జవాబు: మాత్రలు మాత్రం మానకండి. లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

మీకొచ్చే ప్రతి కోపమూ జబ్బు కాదు. చెప్పేది వినకుండా మాత్ర సంగతి అడిగితే ఎవరికైనా మండుతుంది. అలాంటి కోపం ఒక విషయాన్నే పట్టుకుని ఉంటుంది, అది తేలితే చల్లారుతుంది. జబ్బు తెచ్చే చిరాకు అలా కాదు. పొద్దున అమ్మ మీద, మధ్యాహ్నం ఫోన్ మీద, సాయంత్రం దారిన పోయేవాళ్ల మీద. నిద్ర తగ్గినా అలసట ఉండదు, ఆలోచనలు పరుగెడతాయి. రెండు వారాలుగా అంటున్నారు కాబట్టి మీ నిద్ర గంటలు ఈ రోజు నుంచే రాసుకోండి. ఈ లక్షణాలు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. ఈ మధ్య కొత్త మందేదైనా కలిపారా? కొన్ని మందులతో కుదురుగా కూర్చోలేనంత అసహనం వస్తుంది. ఇంట్లోవాళ్లకు అదీ కోపంలాగే కనబడుతుంది. రక్తంలో లిథియం స్థాయి కూడా చూపించుకోండి. చివరి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర వేసుకుని వెళ్తే లెక్క తప్పొస్తుంది.

ఇక కంచం సంగతి. చెయ్యి లేవడానికి ముందే ఒళ్లు చెబుతుంది: దవడ బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి, ఒకే మాట మనసులో తిరుగుతుంటుంది. కోపానికి పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. నాలుగు దగ్గరే అక్కడి నుంచి లేచి పక్కకు వెళ్లాలి. ఎనిమిదికి చేరాక ఏ ఉపాయమూ గుర్తురాదు. లేచేటప్పుడు 'నాకు కోపం వస్తోంది, అరగంటలో వస్తాను' అని చెప్పి వెళ్లండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. చెప్పకుండా తలుపు ధడాలున వేసుకుంటే అమ్మ భయపడి వెనకాలే వస్తుంది, గొడవ రెట్టింపవుతుంది. ఆ అరగంటలో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలపాటు. దిండును గుద్దకండి. కసి తీరినట్టుంటుంది గానీ కోపం ఇంకా పెరుగుతుంది. చెప్పిన సమయానికి తిరిగి రండి. రాకపోతే ఈసారి అమ్మ మిమ్మల్ని వెళ్లనివ్వదు.

మనసు బాగున్న రోజు చూసి అమ్మతో ఒప్పందం చేసుకోండి. మాత్రల డబ్బా ఆమె కంటికి కనబడే చోట పెట్టండి. గొడవ మధ్యలో మాత్ర మాట ఎత్తనని ఆమె మాటివ్వాలి. బదులుగా, వరసగా రెండు రాత్రులు మీ నిద్ర నాలుగు గంటలకు తగ్గిపోతే డాక్టరుకు ఫోన్ చేసే హక్కు ఆమెకివ్వండి. చచ్చిపోవాలనో, ఎవరినైనా కొట్టాలనో అనిపిస్తే ఒంటరిగా ఉండకండి. అప్పటికప్పుడే ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

అమ్మకు క్షమాపణ కూడా చెప్పండి. 'కంచం విసరడం నా తప్పు' అంటే చాలు, జబ్బును సాకుగా తేకండి. అయితే ఆ రోజు గొడవ దేని గురించో మీరు రాయనేలేదు. కంచం గొడవలో అది మరుగునపడింది. రేపు ఇద్దరూ కుదురుగా ఉన్నప్పుడు ఆ విషయం మళ్లీ ఎత్తండి.