గేటుకు బోర్డు ఉంటే కుక్క కరిచినా కేసు ఉండదా?

ప్రశ్న: మాది నెల్లూరు వేదాయపాళెం. సొంత ఇల్లు. నాలుగేళ్ల జర్మన్ షెపర్డ్ ఉంది. గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు పెట్టాం. పోయిన నెల గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి బయట నుంచి రెండుసార్లు పిలిచాడట. మా ఆవిడ పెరట్లో ఉండి వినలేదు. అతనే గడియ తీసుకుని లోపలికి వచ్చాడు. కుక్క పిక్క పట్టేసింది. నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి సూదులు వేయించాను, మందుల ఖర్చూ పెట్టుకున్నాను. అతను మూడు వారాలు పనికి పోలేదు. ఇప్పుడు వాళ్ల వాళ్లు నలభై వేలు ఇవ్వమంటున్నారు, లేకపోతే స్టేషన్‌కు పోతామంటున్నారు. బోర్డు ఉంది కాబట్టి కేసు నిలవదని మా వీధిలో అందరూ అంటున్నారు. నిజమేనా? పోయిన ఏడాది పనిమనిషి మీదికి ఒకసారి ఎగబడి చెయ్యి గీరింది. ఆ తర్వాతే బోర్డు పెట్టాం. అంతకు ముందు ఎవరినీ ఏమీ అనలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: మీ వీధిలో వాళ్ల మాట నమ్ముకుని ధైర్యంగా ఉంటే ఇబ్బంది పడతారు. బోర్డు పెడితే యజమాని బాధ్యత పోతుందని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. అలాగని బోర్డు దండగ కూడా కాదు. కానీ మీ విషయంలో అది మీకు చేసే సాయం కంటే అవతలి వాళ్లకు చేసే సాయమే ఎక్కువ. కారణం మీ ప్రశ్న చివరి వాక్యాల్లోనే ఉంది.

పెంపుడు కుక్క కరిస్తే ఎవరు ఎంత ఇవ్వాలో చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఇంగ్లీషు వాళ్ల కాలం నుంచి వస్తున్న సివిల్ సూత్రాలనే కోర్టులు వాడుతున్నాయి. పులినో ఎలుగుబంటినో పెట్టుకున్నవాడు, అది ఎవరినైనా గాయపరిస్తే ఎన్ని జాగ్రత్తలు చెప్పుకున్నా తప్పించుకోలేడు. కుక్క, ఎద్దు లాంటి వాటి దగ్గరికి వచ్చేసరికి కోర్టు ముందు అడిగేది ఒకటే: దీనికి మనుషుల మీద పడే గుణం ఉందని యజమానికి ముందే తెలుసా? తెలిసి ఉంటే బాధ్యత దాదాపు ఖాయం. తెలియకపోయినా, నిర్లక్ష్యం ఉందని రుజువైతే పరిహారం కట్టాల్సిందే.

ఇప్పుడు మీరు బోనులో నిలబడ్డారనుకోండి. అవతలి లాయరు పెద్దగా కష్టపడక్కర్లేదు.

‘బోర్డు ఎప్పుడు పెట్టించారు?’
‘పోయిన ఏడాది.’
‘కుక్కను తెచ్చి నాలుగేళ్లయింది కదా, అన్నాళ్లూ ఎందుకు పెట్టలేదు?’

మీరేం చెప్పినా ఆయన కూర్చుంటాడు. పనిమనిషి మీద పడిన తర్వాత బోర్డు పెట్టారంటే, ఈ కుక్కతో ప్రమాదం ఉందని మీకు తెలుసనే అర్థం. దానికి రుజువు మీరే గేటుకు తగిలించారు. ఒట్టి బోర్డు ఒక్కటే అయితే ఇంత బరువు ఉండదు. దొంగల భయానికి, కుక్కే లేని ఇళ్లకు కూడా జనం బోర్డులు తగిలిస్తారని జడ్జీలకు తెలియనిది కాదు. పాత సంఘటన, ఆ తర్వాత బోర్డు, ఈ రెండూ జత కలవడమే మీకు చిక్కు.

బోర్డు చూసి కూడా లోపలికి వచ్చాడు కాబట్టి తప్పు అతనిదేనన్నది మీ పక్కన వచ్చే వాదన. ఈ వాదన అప్పుడప్పుడూ గెలుస్తుంది కూడా. 1970లలో ఇంగ్లండులో ఒక కేసు నడిచింది. లండన్‌లో పాత కార్ల యార్డు. రాత్రిళ్లు కాపలాకు అల్సేషియన్‌ను వదిలేవాళ్లు, గేటుకు పెద్ద బోర్డు ఉంది. ఒకామె రాత్రిపూట అనుమతి లేకుండా లోపలికి వెళ్లింది, కుక్క కరిచింది. అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్ బెంచి యార్డు యజమాని పక్షాన తీర్పిచ్చింది. ఆమెకు కుక్క సంగతి తెలుసు, లోపలికి వెళ్లే హక్కు లేదు, తెలిసే ఆ ప్రమాదానికి సిద్ధపడింది అన్నది తీర్పు సారాంశం. అది వాళ్ల చట్టం ప్రకారం వచ్చిన తీర్పు. మన కోర్టులు వింటాయి, కానీ పాటించి తీరాలని లేదు.

మీ గ్యాస్ అబ్బాయిని ఆమెతో పోల్చలేం. అతన్ని పిలిచింది మీరే. సిలిండర్ బుక్ చేశారు, డెలివరీకి వస్తున్నట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చి ఉంటుంది, ఓటీపీ కూడా మీ దగ్గరే ఉంటుంది. అంటే ఆ రోజు ఒక మనిషి బరువు మోసుకుంటూ మీ గేటు దాటతాడని మీకు ముందే తెలుసు. అయినా కుక్కకు గొలుసు లేదు, గేటుకు తాళం లేదు, గడియ బయట నుంచి తీస్తే వస్తుంది. పని మీద వచ్చేవాడికి బోర్డు చదివి వెనక్కి తిరిగిపోయే స్వేచ్ఛ ఎక్కడిది? సిలిండర్ ఇవ్వకుండా పోతే ఏజెన్సీలో అతనికే చివాట్లు. ప్రమాదం ఉందని తెలిసినంత మాత్రాన ఆ ప్రమాదానికి ఒప్పుకున్నట్టు కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

అయితే ఎవరూ పలకకపోయినా తనే గడియ తీశాడన్నది మీకు కొంత పనికొస్తుంది. తప్పులో అతనికీ వాటా ఉందని కోర్టు అనుకుంటే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. అతను ముందు నుంచీ మీ ఇంటికి వస్తున్నవాడే, కుక్క సంగతి తెలిసినవాడే అయితే ఈ వాదనకు ఇంకాస్త బలం. కాలింగ్ బెల్ గేటు బయట ఉందా, లోపల వరండాలో ఉందా మీరు రాయలేదు. లోపల ఉంటే ఆ బలమూ పోతుంది. బెల్ కొట్టాలంటే కుక్కను దాటి రావాల్సిన ఇళ్లు మన ఊళ్లో బోలెడు.

ఈ జవాబు చదివే రొయ్యల రైతులకు ఒక మాట. అల్లూరు, విడవలూరు వైపు గుంటల గట్ల మీద కుక్కలను వదిలి, ఒక రేకు మీద హెచ్చరిక రాసి, ఇక దొంగ చచ్చినా మాకేం అనుకునేవాళ్లున్నారు. అనుమతి లేకుండా వచ్చినవాడికి చట్టం ఇచ్చే రక్షణ తక్కువే, కానీ అసలు లేకుండా పోదు. బీహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డిలోకి బయటివాళ్లు రాకుండా కరెంటు తీగ చుట్టాడు. అది తగిలి ఒకామె చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చినవాళ్లనైనా కావాలని హాని తగిలేలా చేయకూడదంటూ 1963లో సుప్రీంకోర్టు అతని శిక్షను సమర్థించింది. తీగలో కరెంటు ఉందని ఎలాంటి హెచ్చరికా లేదన్నది కూడా ఆ కేసులో లెక్కకు వచ్చింది. హెచ్చరికకు విలువ ఉందనడానికి అదే గుర్తు. రాత్రి కాపలాకు వదిలిన కుక్కను పగలు మేత లోడు దించేవాళ్లు, కూలీలు తిరిగే వేళకు కట్టేయకపోతే మాత్రం ఆ రేకు మిమ్మల్ని కాపాడదు.

క్రిమినల్ సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 291 ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ తీవ్ర గాయానికి గానీ అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 289లో జరిమానా 1,000 ఉండేది. పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టొచ్చు, బెయిల్ మాత్రం హక్కుగా వస్తుంది. కుక్క కాగితాలు ఎవరి పేరున ఉన్నాయని ఈ సెక్షన్ అడగదు, ఎవరి దగ్గర ఉందని అడుగుతుంది. దీనికి తోడు నిర్లక్ష్యంతో గాయపరిచినందుకు సెక్షన్ 125 కూడా పెట్టొచ్చు.

మీరు మామూలుగా రాసిన ‘మూడు వారాలు పనికి పోలేదు’ అన్న మాట దగ్గర నేను ఆగాను. కొత్త చట్టంలో 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం కింద లెక్క. పాత చట్టంలో ఇది 20 రోజులు. తీవ్ర గాయమని తేలితే 125 కిందే శిక్ష మూడేళ్ల జైలు, 10,000 జరిమానా దాకా వెళ్లొచ్చు. కుక్కకాటు సూదులకు తిరుగుతూ సెలవు పెట్టడం వేరు, కాలు నేల మీద పెట్టలేకపోవడం వేరు. ఏది నిజమో డాక్టరు రాసిన గాయం సర్టిఫికెట్ తేలుస్తుంది. అది చూడకుండా ‘చిన్న గాటే కదా’ అని ఎవరితోనూ వాదించకండి.

నలభై వేల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు కుక్కకాటుకు ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు ఇవ్వాలంది. నాలుగు గాట్లు, నలభై వేలు అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ ఆదేశం వీధి జంతువుల విషయంలో అక్కడి ప్రభుత్వాలకు ఇచ్చింది. మీ మీద నేరుగా వర్తించదు. సివిల్ కోర్టుకు వెళ్తే వైద్యం ఖర్చు, పోయిన కూలి, నొప్పికి కొంత అని విడివిడిగా లెక్కేస్తారు. దావా వేయడానికి అతనికి మూడేళ్ల గడువుంది.

నా సలహా, రాజీ చేసుకోండి. ఎఫ్ఐఆర్ అయ్యాక చేసుకుంటే తలనొప్పి ఎక్కువ. 291 రాజీకి వీలున్న సెక్షన్ల జాబితాలో లేదు. మీరిద్దరూ కలిసిపోయినా కేసు దానంతట అది పోదు, కొట్టివేయించుకోవడానికి హైకోర్టు దాకా పోవాలి. అతని మూడు వారాల జీతం, రాకపోకల ఖర్చు, మీరు ఇప్పటికే పెట్టింది ముందేసుకుని మాట్లాడండి. ఇంటి దగ్గర స్టాంపు కాగితం మీద సంతకాలు చేసుకునే బదులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పరిహారం సంగతి కూర్చుని తేల్చుకోవచ్చు. అక్కడిచ్చే తీర్పుకు (అవార్డు అంటారు) కోర్టు డిక్రీ అంత విలువ, దాని మీద అప్పీలు ఉండదు. రేపు మళ్లీ ఎవరో వచ్చి ఇంకో పది వేలు అడిగే టెన్షన్ ఉండదు. ఫోన్‌లో అడగాలంటే 15100.

ఈలోపు బోర్డు పీకేయకండి, దాని ఫొటోలు ఈపాటికి అవతలి వాళ్ల దగ్గర ఉంటాయి. పనిమనిషిని ‘అలాంటిదేం జరగలేదని చెప్పు’ అని అడగనే అడగకండి, చిన్న కేసు కాస్తా పెద్దదవుతుంది. విసుగొచ్చి కుక్కను ఊరి బయట వదిలేసి రావడం ఇంకో నేరం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద. బెల్ గేటు బయటికి మార్చండి, గడియ లోపల నుంచి మాత్రమే తీసేలా పెట్టించండి. మాట్లాడుకోవడానికి వెళ్లేటప్పుడు కుక్క టీకా కార్డు, నగరపాలక సంస్థలో రిజిస్టర్ చేయించి ఉంటే ఆ కాగితం, ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి. టీకా కార్డులో ఈ ఏడాది తేదీ లేకపోతే ముందు ఆ సంగతి మీ లాయరుకు చెప్పండి.