రైతుల సభలో నేను చెప్పిన సగం మాట

ఊరి సమావేశాల్లో తరచుగా మాట్లాడవలసి వస్తోందని, సభాభయం పోవడానికీ, నిజాయతీ తప్పకుండా వినేవారిని ఆకట్టుకోవడానికీ ఏం చేయాలని మీరు అడిగారు. సభాభయం నాకు ఇప్పటికీ ఉంది. మొదటి రెండు వాక్యాలు కంఠస్థం చేసుకుని వెళితే మూడో వాక్యానికి గొంతు సర్దుకుంటుంది. నిజాయతీ సంగతి మాత్రం నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను.

ఒక బ్యాంకు గ్రామీణ శాఖలో ఫీల్డ్ ఆఫీసరుగా ఉన్న రోజుల్లో, పంట రుణాలపై ఒక ఊరి రచ్చబండ దగ్గర సభ పెట్టాం. 3 లక్షల రూపాయల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. ఏడాది గడువులోగా తిరిగి చెల్లించిన రైతుకు కేంద్ర ప్రభుత్వం మరో 3 శాతం రాయితీ ఇస్తుంది కనుక అతనికి చివరకు పడేది 4 శాతమే. ఇదంతా చెబితే జనం విసుగు చెందుతారేమోనని, "నాలుగు శాతానికే అప్పు" అని మైకులో గట్టిగా చెప్పి ఊరుకున్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఏడాది దాటాక ఒక పెద్దాయన పాస్‌బుక్ పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, "సారూ, సభలో నాలుగన్నారు గదా, ఏడేశారేంది?" అని అడిగాడు. ఆయన గడువు దాటిన పది రోజులకు డబ్బు కట్టాడు. మిర్చి అమ్మిన సొమ్ము నెల ముందే చేతికి వచ్చినా, తొందరేముందిలే అనుకున్నాడట. లక్ష రూపాయల అప్పు మీద ఆయనకు రావలసిన 3,000 రూపాయల రాయితీ, నేను మింగేసిన ఒక్క షరతు వల్ల పోయింది. నేను అబద్ధం చెప్పలేదని ఆయన ముందు వాదించవచ్చు గానీ, అందుకు నాకు నోరు రాలేదు.

అప్పటి నుంచి ప్రసంగం రాసుకున్న కాగితం మీద ప్రతి మాట దగ్గరా ఆగి, దీన్ని నమ్మి ఇంటికి వెళ్లిన మనిషి రేపు ఏం చేస్తాడని ప్రశ్నించుకుంటున్నాను. ఆ పనికి అవసరమైన షరతు ఏదైనా మిగిలిపోతే, ఎంత చప్పగా ఉన్నా దాన్ని చేరుస్తున్నాను.

అయితే షరతు చేర్చినంత మాత్రాన మాట వినేవారికి చేరదు. పల్లెలో వడ్డీని శాతాల్లో లెక్కపెట్టరు; నూటికి నెలకు రూపాయా, రెండు రూపాయలా అని చూస్తారు. ఆ లెక్కన నాలుగు అంటే ఏడాదికి 48 శాతం అవుతుంది కనుక, మొదటి సభలో నా మాటకు ఒకరిద్దరు ఎందుకు ఉలిక్కిపడ్డారో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. తరువాతి సభల్లో "లక్ష తీసుకుని గడువులోగా కడితే ఏడాదికి వడ్డీ 4,000, గడువు దాటితే 7,000 పైనే" అని చెప్పి, పాస్‌బుక్కులు తెరిపించి, గడువు తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టించాను. చప్పట్లు తగ్గాయి, ప్రశ్నలు పెరిగాయి.

సమయం గురించి కూడా ఒక మాట చెప్పాలి. సభల్లో మాట్లాడడం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో 5 నుంచి 7 నిమిషాల ప్రసంగానికి 5వ నిమిషంలో ఆకుపచ్చ దీపం, 6వ నిమిషంలో పసుపు, 7వ నిమిషంలో ఎరుపు వెలిగిస్తారు. మన సభల్లో వేదికను అలంకరించిన పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించేసరికే ఆకుపచ్చ దీపం వెలిగే వేళవుతుంది! ఆ సంబోధనను ఒక్క వాక్యంలో ముగించి, మిగిలిన సమయాన్ని ప్రశ్నలకు ఉంచండి. జవాబు తెలియనప్పుడు "కనుక్కుని చెబుతాను" అనడానికి సంకోచించవద్దు. కానీ అడిగినవారి పేరూ ఫోన్ నంబరూ అక్కడే రాసుకుని, మరునాడే వారికి ఫోన్ చేయండి.