ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గితే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రెండు సిలిండర్ల మోటార్‌సైకిల్‌కి కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) గేజీతో కొలిస్తే ఎడమ సిలిండర్ 140, కుడిది 105 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తోందని, ఆదివారం హెడ్, అంటే సిలిండర్ పై మూత, దించేస్తానని రాశావు. అప్పుడే దించకు. కంప్రెషన్ పోతోందని ఆ అంకెలు చెప్పాయి, ఎక్కడ పోతోందో చెప్పలేదు. ఆ సంగతి ఇంజన్ బిగించి ఉన్నప్పుడే తేలిగ్గా తెలుస్తుంది. రెండింటికీ పది శాతం తేడా ఉంటే వదిలెయ్యమనేవాణ్ణి. నీది ఇరవై అయిదు, కాబట్టి వెతకాల్సిందే.

గేజీ పక్కన పెట్టి ముందు ట్యాపెట్లు (వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య సందు సరిచేసే మరలు) చూడు. రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, పొద్దున్నే. వాల్వూ, అది మూసుకున్నప్పుడు ఆనే సీటూ అరిగి వాల్వు లోపలికి దిగేకొద్దీ ట్యాపెట్ సందు తగ్గుతూ వస్తుంది. సందు బొత్తిగా పోయాక వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, గాలి కారిపోతుంది. అందుకే టకటకలాడే ట్యాపెట్ కన్నా చప్పుడు చెయ్యని ట్యాపెట్ మీదే నాకు అనుమానం ఎక్కువ. రెండు పిస్టన్లూ కలిసి పైకి లేచే ఇంజన్ అయితే ఇంకో తిరకాసుంది. రెండూ పైనే ఉన్నా ఒక్కటే కంప్రెషన్‌లో ఉంటుంది, రెండోది పొగ వదిలే స్ట్రోకు చివర ఉంటుంది. నువ్వు కొలిచే సిలిండర్ రాకర్లు రెండూ చేత్తో కాస్త ఆడుతున్నాయో లేదో చూసుకో. ఆడకపోతే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ చూడు. రెండోసారీ ఆడకపోతే సందు పోయినట్టే. మాన్యువల్ చెప్పిన సందు ఫీలర్ గేజీతో (సందు కొలిచే పల్చటి రేకులతో) పెట్టి అప్పుడు కంప్రెషన్ కొలువు. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

కొలిచే తీరు కూడా చెప్పాలి. ప్లగ్గుల చుట్టూ దుమ్ము ఊదెయ్, లేకపోతే ఇసుక రేణువు బోరులో (సిలిండర్ లోపలి గొట్టంలో) పడుతుంది. ఇంజన్ ఓ పది నిమిషాలు నడిపి వేడెక్కాక రెండు ప్లగ్గులూ తియ్యి, ఒక్కటి కాదు. పెట్రోల్ ట్యాప్ మూసెయ్, తాళం ఆపెయ్. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, అక్కడ స్పార్కు ఉండకూడదు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకో. చాలామంది మర్చిపోయేది ఇదే, గాలి లోపలికి రాకపోతే మంచి సిలిండర్ కూడా తక్కువే చూపిస్తుంది. కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం) వాక్యూమ్ రకం అయితే యాక్సిలరేటర్ తిప్పినా లోపల గాలి దారికి అడ్డుండే స్లైడ్ లేవదు, వేలితో ఎత్తి పట్టాలి. ముల్లు ఇక పెరగదనేదాకా కిక్కు కొట్టు.

మొదటి కిక్కు అంకె విడిగా రాసుకో. మొదట తక్కువ చూపించి కిక్కు కిక్కుకీ ఎక్కుతూ పోతే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల వైపు చూడాలి. మొదట తక్కువే, ఆఖరికీ పెద్దగా కదల్లేదంటే వాల్వు గానీ హెడ్ గాస్కెట్ (హెడ్ కింద లీకు ఆపే పలక) గానీ. తర్వాత అర చెంచా ఇంజన్ ఆయిల్ ప్లగ్ రంధ్రంలో పోసి, నాలుగైదు కిక్కులు కొట్టి, మళ్ళీ కొలువు. బాగా పెరిగితే లీకు రింగుల దగ్గర, కదలకపోతే పైన, వాల్వు దగ్గరో గాస్కెట్ దగ్గరో. నూనె ఎక్కువ పోస్తే లోపలి చోటు తగ్గి అంకె దానంతటదే పెరుగుతుంది, అది చూసి మోసపోకు. సిలిండర్ పడుకుని ఉండే ఇంజన్లలో నూనె ఒక పక్కకే చేరుతుంది కనుక ఈ పరీక్షను నమ్మడానికి లేదు.

అసలు నమ్మకమైంది గాలి పరీక్ష. పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసేసి, దానికి కంప్రెసర్ గొట్టం అమర్చుకో. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకులో సరిగ్గా పైకి తెచ్చి, టాప్ గేర్ వేసి, వెనక బ్రేకు ఎవరిచేతైనా నొక్కించి, 30 పీఎస్ఐ గాలి నెమ్మదిగా వదులు. క్రాంకు నట్టు మీద స్పానర్ ఉంచకు, పిస్టన్ తోసుకుని దిగితే అది విసురుగా తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్‌లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, పక్క ప్లగ్ రంధ్రంలోంచి వస్తే రెండు సిలిండర్ల మధ్య గాస్కెట్. క్రాంక్‌కేస్ బ్రీదర్‌లో (ఇంజన్ అడుగు పెట్టె గాలి గొట్టంలో) కొద్దిగా బుస మామూలే, రింగు సందులోంచి ఎంతో కొంత పోతుంది. ఎడమదానికీ ఇదే పరీక్ష చేసి పోల్చుకో.

140 చూపించింది కదా అని ఎడమది బాగుందని తేల్చెయ్యకు. పిస్టన్ తల మీద మసి పేరుకుంటే చోటు తగ్గి అంకె పెరుగుతుంది. మాన్యువల్ అంకెతో పోల్చి చూడు. బండి చాలాకాలం కదలకుండా ఉండి ఉంటే రింగులు గాడుల్లో అంటుకుపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు బోరులో కాస్త నూనె వేసి రెండు రోజులుంచి, తర్వాత కొంత దూరం నడిపి మళ్ళీ కొలిస్తే అంకె కోలుకోవడం కూడా ఉంది.

రెండు సిలిండర్లకూ మొదటి కిక్కు అంకె, ఆఖరి అంకె, నూనె పోశాక అంకె, బుస ఎక్కడ వినిపించిందీ రాసి పంపు. హెడ్ సంగతి అప్పుడు చూద్దాం.